ఈ ‘ఈ’నా, ఆ ‘ఈ’నా?

పొయ్యి మీద రెండు టీ గిన్నెలు మరుగుతున్నాయి. ఒకటి వదినది, ఒకటి చిట్టిది. మధ్యలో అత్తగారు టీ వడకట్టే జాలీ పట్టుకుని, ఎవరి వైపు తిరిగితే ఎవరికి కోపమొస్తుందోనని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు.

ఒకే పాల ప్యాకెట్టు చించి రెండు టీలు పెట్టుకోవడం ఆ ఇంట్లో వారం కిందట మొదలైంది. ఇద్దరూ పనిచేసే పరిశోధన సంస్థలో ఆ పాడు మీటింగు జరిగిన రోజు నుంచీ ఇదే వరస.

“అమ్మా, పంచదార డబ్బా ఇటివ్వమను,” అంది వదిన.

డబ్బా చిట్టి మోచేతి పక్కనే ఉంది. వదిన చెయ్యి చాపితే అందుతుంది. అయినా అత్తగారు ఆ మాటను మోసుకెళ్లి కోడలికి చెప్పారు, కోడలిచ్చిన డబ్బాను మోసుకొచ్చి కూతురికిచ్చారు. ఆ తర్వాత మోకాలు పట్టుకుని స్టూలు మీద కూలబడ్డారు.

“నా మోకాళ్లు బాగుచేస్తామని చదివారు ఇద్దరూ. ఉన్న కాస్త గుజ్జూ మీ మధ్య తిరగడానికే అరిగిపోతోంది,” అన్నారు.

మామూలు రోజుల్లో ఈ మాటకు ఇద్దరూ పడీపడీ నవ్వేవారు. ఇవాళ వదిన చెంచా తిప్పుకుంది, చిట్టి పొయ్యి కట్టేసింది.

“సాయంత్రం స్టేషన్‌కి పెద్ద కారే మాట్లాడమని తమ్ముడికి చెప్పు. పెట్టెలు మూడయ్యాయి,” అని వదిన టీ తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

అత్తగారు ఆ గది తలుపు వైపు చూసి, కోడలి వైపు చూసి, చివరికి గిన్నె అడుగున మిగిలిన టీ వైపు చూశారు. ఏమైనా అంటే బాగుండునని చిట్టికి అనిపించింది. ఆవిడ ఆ టీ తన గ్లాసులోకి వంపుకున్నారు.

చిట్టి అన్న పేరు వదిన పెట్టిందే. ప్రయోగశాలలో కొత్తగా చేరిన ఈ లెక్కల పిల్లను చూసి, ఇంత చిన్న మనిషి అంత పెద్ద కంప్యూటరుతో ఏం చేస్తుందని వేళాకోళం చేసి, ఆ వేళాకోళాన్నే పేరుగా ఖాయం చేసింది. తర్వాత ఒక సాయంత్రం ఇంటికి తీసుకొచ్చి, కళ్లద్దాల షాపు నడుపుకునే తమ్ముడికి పరిచయం చేసి, వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూంటే తానే టీ పెట్టింది. ఇంటిల్లిపాదీ ఆ పేరుకే అలవాటు పడ్డారు. పెట్టిన మనిషి మాత్రం వారం నుంచి దాన్ని నోట పలకడం లేదు. అవసరమైతే “మీ లెక్కలావిడ” అంటోంది.

భర్త షాపుకు బయల్దేరుతూ పెరటి గుమ్మం దగ్గర చిట్టిని పట్టుకున్నాడు. అక్కకూ భార్యకూ మధ్య మాటలు మోసీ మోసీ మనిషి సగమైపోయాడు. చేతిలో కళ్లద్దాలు, వాటిని తుడవడానికి మెత్తటి గుడ్డ. ఏం చెప్పాలో తోచనప్పుడల్లా ఆయన అద్దాలు తుడుస్తాడు.

“అక్క చూపు బాగానే ఉంది, తెలుసా?” అన్నాడు.

“ఇప్పుడు చూపు సంగతి ఎవరడిగారు?”

“ఎవరూ అడగలేదు. ఊరికే చెప్పాను.”

ఇంకేదో అనబోయి, మళ్లీ అద్దాలు తుడిచి, పెట్టుకుని వెళ్లిపోయాడు. ఈయనకు మతి పోయిందేమో అనుకుంది చిట్టి.

వాళ్ల గొడవంతా ఒక కత్తెర గురించి. ఇంట్లో అందరూ దాన్ని కత్తెర అనే అంటారు. నిజానికది ప్రొటీన్లను కోసే ఎంజైమ్. ప్రొటీన్ అంటే పూసల దండ. ఇరవై రకాల పూసలు, ఒక్కో రకానికీ ఒక్కో ఇంగ్లీషు అక్షరం. ఈ కత్తెర కీళ్ల మధ్య ఉండే మెత్తటి గుజ్జులో తిరుగుతూ, అక్కడి ప్రొటీన్ దండను కోస్తుంది. కొందరిలో మరీ ఎక్కువగా కోస్తుంది. అత్తగారిలాంటి వాళ్లు మెట్లెక్కలేకపోవడం వెనుక దాని హస్తం కొంత ఉంది.

అయితే అది చూసిన ప్రతిచోటా కొయ్యదు. మహా చాదస్తపు కత్తెర. కోసే చోటికి ఇటు నాలుగు అక్షరాలూ అటు నాలుగు అక్షరాలూ తడిమి చూసుకుని, తనకు నచ్చినవి కనబడితేనే నోరు తెరుస్తుంది. ఏ గడిలో ఏ అక్షరం కావాలని దాని పట్టుదలో తెలిస్తే, దాన్ని ఏమార్చే మందు గురించి ఆలోచించవచ్చు.

అది తెలుసుకోవడం చిట్టి పని. ఆ కత్తెర ఇప్పటిదాకా వేసిన కోతలను వందలకొద్దీ సేకరించి, ఒకదాని కింద ఒకటి పేర్చి, ఏ గడిలో ఏ అక్షరం మళ్లీమళ్లీ వస్తోందో కంప్యూటరు చేత లెక్క కట్టించింది. ఎక్కడ చూసినా దొరికే అక్షరాలు గుంపులో ఎక్కువగా కనబడితే మోసపోకూడదు, కనుక వాటి వాటా తీసేసింది. కత్తెర వదిలేసిన చోట్లను కూడా పక్కన పెట్టి పోల్చింది. చివరికి లెక్క తేల్చింది: కోతకు సరిగ్గా ముందున్న గడిలో ‘ఈ’ అనే అక్షరం ఉండాలి. ఆ ‘ఈ’ని మార్చేస్తే కత్తెరకు దారి తెలియదు.

దాన్ని చేత్తో చేసి చూపించడం వదిన పని. అక్షరం మార్చిన ప్రొటీన్ తయారుచేసి, కత్తెరతో కలిపి, జెల్ అనే పలుచటి జిగురు పలక మీద పరిగెత్తించాలి. కోత పడకపోతే ఒకటే గీత వస్తుంది. పడితే రెండు గీతలు.

రెండు గీతలొచ్చాయి. మళ్లీ చేస్తే మళ్లీ రెండే. మూడోసారీ అంతే.

మీటింగులో ప్రొఫెసర్ గారు చిట్టిని అడిగారు, మీ లెక్క సరిగ్గానే ఉందా అని. చిట్టి అంతకుముందు వారమంతా దాన్ని తిరగేసి బోర్లేసి చూసింది. ఎక్కడా వంక దొరకలేదు. అందుకే లేచి, “నా లెక్క సరిగ్గానే ఉంది” అంది.

ఆ గదిలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా వదిన వైపు తిరిగారు. లెక్క సరిగ్గా ఉంటే తప్పు చేతిదేనని చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. ఆ చెయ్యి పైపెట్టు పట్టుకుంటే చుక్క అటూ ఇటూ కాదని సంస్థంతా చెప్పుకునే చెయ్యి. చిట్టి ఆ మాట అన్న క్షణంలోనే నాలుక కరుచుకుంది గానీ, అన్న మాట అన్నదే.

ఆ సాయంత్రమే వదిన, ఎప్పటి నుంచో పిలుస్తున్న వేరే ఊళ్లోని కంపెనీకి వస్తానని ఫోన్ చేసి చెప్పేసింది. అడిగితే, చేతకాని చేతులు ఇక్కడెందుకని ఒకే ఒక్క మాట. ఇవాళ సాయంత్రం ప్రయాణం. వదిన వెళ్లిపోతే కత్తెర పని మూతపడుతుందని ప్రొఫెసర్ గారు అప్పుడే తేల్చి చెప్పారు. చిట్టికి ఆ దిగులు కన్నా రేపు పొద్దున పొయ్యి మీద ఒక్కటే టీ గిన్నె ఉంటుందన్న దిగులే ఎక్కువగా ఉంది.

అత్తగారి ఒళ్లో ఫోన్ మోగింది. పక్కింటి పిన్నిగారు. అత్తగారు స్టూలు మీంచి లేవకుండానే ఫోను చెవికి ఆనించుకుని, ఇంటి రహస్యాలేవీ బయటపడకుండా మోకాళ్ల గురించీ ఎండల గురించీ మాట్లాడి, చివరికి కోడలి దగ్గరికొచ్చారు.

“మా కోడలికా? బాగానే ఉంది. ఆరో నెల.”

గదిలోంచి వదిన గొంతు వినిపించింది. పెట్టె జిప్పు లాగుతూ అంటోంది. “ఐదు నెలలని మొన్న డాక్టరు చెప్పలేదూ? నువ్వు అందరికీ ఆరు అని ఎందుకు చెబుతావమ్మా?”

అత్తగారికి ఉక్రోషం వచ్చింది. వారం నుంచి ఆ ఇంట్లో ఆవిడ మాటకు జవాబు చెప్పిన వాళ్లే లేరు, చెప్పిన మొదటి జవాబు తప్పులెన్నడానికి.

“ఐదు నిండాయి. ఆరోది నడుస్తోంది. డాక్టరు నిండినవి చెబుతుంది, నేను నడుస్తున్నది చెబుతాను. నిండినవాటి లెక్క వేరు, నడిచేదాని లెక్క వేరు. బిడ్డ మాత్రం ఒకటే కదా,” అని మళ్లీ ఫోనులోకి, “మీతో కాదు పిన్నిగారూ, మా పెద్దదానితో,” అన్నారు.

చిట్టి చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది.

నిండినవి వేరు, నడుస్తున్నది వేరు.

ఆ మాట ఆమె పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. మనవాళ్ల ఇళ్లలో ఎవరి వయసు అడిగినా ఈ పేచీ తప్పదు. పదేళ్లు నిండాయని ఒకరంటే, పదకొండో ఏడు వచ్చిందని ఇంకొకరంటారు. కానీ ఇవాళ ఆ మాట ఇంకెక్కడికో వెళ్లి తగిలింది.

కప్పు గట్టు మీద పెట్టి, భోజనాల బల్ల దగ్గరికొచ్చి కంప్యూటరు తెరిచింది. 

కంప్యూటరు మొదటి అక్షరాన్ని ఒకటి అనదు. సున్నా అంటుంది. దానికి ముందు నిండినవేవీ లేవు కాబట్టి. రెండో అక్షరాన్ని ఒకటి అంటుంది. అది అచ్చంగా డాక్టరు లాంటిది, నిండినవే లెక్కపెడుతుంది. ప్రయోగశాలలో మనుషులు మాత్రం అత్తగారిలా నడుస్తున్నదాన్ని లెక్కపెడతారు. మొదటిది ఒకటి, రెండోది రెండు.

ఇది ఈ విద్య నేర్చే ప్రతివాళ్లకూ మొదటి వారంలోనే తెలిసే సంగతి. చిట్టికి తెలియక కాదు. ఆమె పాత ప్రోగ్రాం జవాబు చెప్పే ముందు బుద్ధిగా ఒకటి కలిపి చెప్పేది. వాంతులతో ఇంట్లోనే ఉండిపోయిన రోజుల్లో, ఊసుపోక ఆ ప్రోగ్రాంను మొదటి నుంచీ తిరిగి రాసింది. లెక్కంతా ఇంకా నాజూకుగా కుదిరింది. ఒకటి కలిపే ఆ ఒక్క వరసా మరిచిపోయింది.

కొత్త ప్రోగ్రాం నూట పదిహేడు అంది. ‘నూట పదిహేడు, ఈ’ అని చిట్టి వదినకు ఫోనులో పంపింది.

అంతకుముందైతే అలా నంబరు పంపే అవసరమే ఉండేది కాదు. సాయంత్రం ఇద్దరూ ఇదే బల్ల దగ్గర కూర్చునేవారు. వదిన తెర మీద వేలు పెట్టి, వరసలో చాలా ‘ఈ’లు ఉంటాయి కాబట్టి, “ఈ ‘ఈ’నా, ఆ ‘ఈ’నా?” అని అడిగేది. ఆ ప్రశ్నకు అత్తగారు రోజూ నవ్వేవారు, ఇదేం చదువే, ఈగలు తోలుకునే చదువా అని. వాంతులు మొదలయ్యాక ప్రయోగశాల వాసన గిట్టక చిట్టి వెళ్లడం మానేసింది. వదిన అక్కణ్ణుంచి పొద్దుపోయి రావడం మొదలైంది. బల్ల దగ్గర కూర్చోవడం పోయింది, ఆ ప్రశ్నా పోయింది.

నంబరు తప్పయితే అక్షరం దగ్గర దొరికిపోవాలి కదా? అదే చిట్టికి వారం నుంచీ ధైర్యం. వదిన ఏ పనీ గుడ్డిగా చెయ్యదు. నూట పదిహేడో అక్షరం దగ్గర ‘ఈ’ ఉందో లేదో తప్పకుండా చూసి ఉంటుంది. లేకపోతే వెంటనే ఫోన్ చేసేది.

చిట్టి వేలు పెట్టి మొదటి నుంచీ, అత్తగారి లెక్కన, ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. మధ్యలో అత్తగారు ఏదో అడిగితే చెయ్యి ఎత్తి ఆపింది. నూట పదిహేడు: ‘ఈ’.

నూట పద్ధెనిమిది: ‘ఈ’.

పక్కపక్కనే రెండు ‘ఈ’లు. జంట. తప్పు నంబరు ఇచ్చినా అక్కడా ‘ఈ’నే ఉంది, కాబట్టి వదినకు అనుమానం రాలేదు. కోతను ఆనుకుని ఉన్న ‘ఈ’ని వదిలేసి, దాని పక్కదాన్ని మార్చింది. కత్తెరకు కావలసిన ‘ఈ’ ఎక్కడిదక్కడే ఉంది. హాయిగా కోసుకుపోయింది. మూడుసార్లూ.

లోపల బిడ్డ ఒక తన్ను తన్నింది. ఐదు నిండాయో ఆరు నడుస్తోందో దానికేం పట్టింపు.

సంగతి తెలిసిన సంతోషం చిట్టికి ఎంతోసేపు నిలవలేదు. లెక్క గెలిచింది, మనిషి ఓడింది. ఒకటి కలిపే వరస ఇప్పుడు చేర్చేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదని కూడా ఒక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి వదిన గది తలుపు తట్టింది.

వదిన మంచం మీద బట్టలు మడత పెడుతోంది. రెండు పెట్టెలు మూసి ఉన్నాయి. మూడోది నోరు తెరుచుకుని ఉంది.

“వదినా, మీరు మార్చింది ఏ ‘ఈ’?”

వదిన తలెత్తలేదు. “మీరు పంపిందే. నూట పదిహేడు.”

ఎప్పుడూ నువ్వు అనే మనిషి మీరు అనేసరికి చిట్టి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అయినా చెప్పింది. “నేను పంపాల్సింది నూట పద్ధెనిమిది. కంప్యూటరు నిండినవి లెక్కపెట్టింది. నేను ఒకటి కలపడం మరిచిపోయాను.”

మడత పెడుతున్న చీర సగంలో ఆగింది. వదిన కళ్లు మూసుకుంది. ఆ దండలోని అక్షరాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. లోపలే నడుచుకుంటూ అక్కడిదాకా వెళ్లి చూసి వచ్చినట్టుంది.

“అదీ ‘ఈ’నే కదా,” అంది మెల్లగా.

“అదీ ‘ఈ’నే.”

వదిన మంచం అంచున కూర్చుంది. చిట్టి నిలబడే ఉంది. కూర్చోమని వదిన అనలేదు. వంటింట్లో అత్తగారు పళ్లెం కింద పడేసిన చప్పుడైంది, తర్వాత అదీ ఆగిపోయింది. ఆవిడ చెవులు ఇటే ఉన్నాయని ఇద్దరికీ తెలుసు.

“తప్పు నంబరు ఇచ్చావని నాకేం కోపం లేదు,” అంది వదిన చివరికి. “ఎవరికైనా జరుగుతుంది. నేను గట్టిగా అడగాల్సింది, అడగలేదు. కానీ నువ్వు ఆ రోజు నిలబడి ఆ మాట అన్నాక నేనేం చేశానో తెలుసా? తమ్ముడి షాపుకెళ్లి కళ్లు పరీక్ష చేయించుకున్నాను. చూపు మందగించి గీతలు తప్పుగా చూస్తున్నానేమోనని. ఇంటికొచ్చి చెయ్యి వణుకుతోందేమోనని గ్లాసుతో నీళ్లు పోసి చూసుకున్నాను. ఇన్నేళ్లు పనిచేసిన చెయ్యి. నీ మాట విని నా చేతినే నేను నమ్మలేదు.”

పొద్దున భర్త ఎందుకలా అన్నాడో చిట్టికి అప్పుడర్థమైంది. అద్దాలు తుడుచుకుంటూ ఆయన చెప్పలేకపోయిన మాట ఇదీ.

“క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు,” అంది.

“అడగొద్దు. తలుపు వేసుకుని నాకొక్కదానికే చెబితే సరిపోదు. ఆ మాట ఎక్కడన్నావో ఇదీ అక్కడే అను. ఇవాళ మీటింగుంది. సంస్థ గుర్తింపు కార్డు అప్పజెప్పడానికి నేనూ వస్తున్నాను. అక్కణ్ణుంచే స్టేషనుకి వెళతా.”

“అంటే ప్రయాణం ఆగదా?”

 వదిన ఆ చీరను సగం మడతతోనే పెట్టెలో పెట్టి మూత వేసింది.

కారులో ఇద్దరూ వెనక సీట్లో చెరో కిటికీ పక్కన కూర్చున్నారు. మధ్యలో చిన్న పెట్టె. బయల్దేరేటప్పుడు అత్తగారు గుమ్మం దాకా వచ్చి, కూతురి భుజమూ కోడలి భుజమూ ఒకేసారి తట్టి, తప్పు ఎవరిదైనా సరే రాత్రికి అందరికీ కలిపే కూర వండుతున్నానని, తినడం మానడం మీ ఇష్టమని చెప్పి లోపలికి వెళ్లిపోయారు. ఒక సిగ్నలు దగ్గర వదిన ఫోను తీసి ఏదో చూసి, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, మళ్లీ కిటికీ వైపు తిరిగింది. 

మీటింగు గదిలో పోయిన వారం కూర్చున్నవాళ్లే కూర్చున్నారు. ప్రొఫెసర్ గారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారు. అంటే సంగతి సీరియస్ అని అర్థం. వదిన పెట్టెలు తలుపు బయట వరసగా నిలబడ్డాయి. వచ్చేవాళ్లందరూ వాటిని తప్పుకుని, తప్పుకున్నామని తెలియనివ్వకుండా లోపలికొచ్చారు.

మొదటి సంగతి కత్తెరదే. ప్రొఫెసర్ గారు దాన్ని మూసెయ్యడం గురించి మాట మొదలుపెట్టబోతుండగా చిట్టి లేచింది.  బల్ల అంచు పట్టుకుంది.

“పోయిన వారం మీరడిగారు, లెక్క సరిగ్గానే ఉందా అని. లెక్క తప్పలేదు మేడం. లెక్కపెట్టడం నేను తప్పాను.”

ఆ తర్వాత అంతా చెప్పింది. నిండినవాటి గురించి, నడుస్తున్నదాని గురించి, మరిచిపోయిన వరస గురించి, జంట ‘ఈ’ల గురించి. తెర మీద ఆ చోటు తెరిచి చూపించింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, ఇంత చదివి ఒకటి కలపడం మరిచిపోయిందా అని. చిట్టి ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగింది.

“ఆవిడ చెయ్యి మూడుసార్లూ సరిగ్గానే ఉంది. నేను ఏ అక్షరం చెప్పానో సరిగ్గా దాన్నే మార్చింది. చెప్పింది నేను, తప్పు నాది. ఆ రోజు అందరి ముందూ ఆవిణ్ణి తప్పుపట్టినట్టు మాట్లాడాను. అందుకే అందరి ముందూ చెబుతున్నాను.”

చెప్పి కూర్చుంది. వదిన వైపు చూసే ధైర్యం చాలలేదు.

ప్రొఫెసర్ గారు తెర వైపు చూస్తూ ఉండిపోయారు. లోలోపల లెక్కపెట్టుకున్నారు కాబోలు, పెదాలు కదిలాయి. “అయితే మూడు ప్రయోగాలూ వృథా,” అన్నారు చివరికి.

“వృథా కాలేదు మేడం.”

అన్నది వదిన. గదిలో చివర, తలుపు పక్కన, కార్డు చేతిలో పట్టుకుని కూర్చున్న మనిషి లేచి నిలబడింది.

“కోతకు ముందున్న గడి ముఖ్యమని ఆ లెక్కలో ఉంది. దాని పక్క గడిలో ఏ అక్షరమున్నా కత్తెర పట్టించుకోదని కూడా ఉంది, అదే లెక్కలో. ఆ రెండో మాట మనం ఎవరం పరీక్షించాలనుకోలేదు. నేను పొరపాటున మార్చింది ఆ పక్క గడినే. కత్తెర మూడుసార్లూ పట్టించుకోలేదు. అంటే లెక్కలో సగం రుజువైనట్టే. కారులో వస్తూ ఆలోచించాను.”

చిట్టికి తల తిరిగినంత పనైంది. ఈ సంగతి తనకే తట్టలేదు. తప్పు దొరికిన దిగులులో పడి, ఆ తప్పు ఏం చెబుతోందో వినలేదు. సిగ్నలు దగ్గర వదిన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నది గడులన్నమాట.

ప్రొఫెసర్ గారు కళ్లద్దాలు మళ్లీ కిందికి దించుకున్నారు. పోయిన వారం నుంచీ ఆవిడ ముఖంలో లేని వెలుగు కాస్త కనబడింది.

“మిగిలిన సగం మాటేమిటి మరి? అసలైన ‘ఈ’ని మార్చి చెయ్యాలి. కొన్ని వారాల పని. ఎవరు చేస్తారు? మీరు సాయంత్రం రైలెక్కుతున్నారు కదా.”

 తలుపు బయట పెట్టెలు అందరికీ కనబడుతున్నాయి.

వదిన కార్డును బల్ల మీద పెట్టలేదు, జేబులోనూ పెట్టుకోలేదు. చేతిలోనే పట్టుకుని కుర్చీల మధ్యనుంచి నడిచి తెర దగ్గరికొచ్చింది. రెండు అక్షరాలు పక్కపక్కనే వెలుగుతున్నాయి. వదిన కుడిచెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి కొంచెం కూడా వణకడం లేదు.

“చిట్టీ,” అంది, వెనక్కి తిరక్కుండానే. “ఈ ‘ఈ’నా, ఆ ‘ఈ’నా?”

చిట్టికి కళ్లు చెమర్చి తెర అలికినట్టయింది. చూడకపోయినా పరవాలేదు. జవాబు తెలుసు.

“ఆ ‘ఈ’ వదినా. రెండోది.”

వదిన రెండో ‘ఈ’ మీద వేలు పెట్టింది.

అప్పుడే ఆమె భుజానికున్న సంచిలో ఫోను మోగింది. ఎడమచేత్తో తీసి చూసుకుంది. ఆ ఫోను ఎక్కడి నుంచో వదిన ముఖం చూడగానే చిట్టికి తెలిసిపోయింది. కొత్త కంపెనీ వాళ్లు.

వదిన ఫోను ఎత్తలేదు. కట్ చెయ్యనూ లేదు. గదంతా ఆ మోతను వింటూ కూర్చుంది. తెర మీది వేలు మాత్రం ఆమె తియ్యలేదు.